శాస్త్రీయ సంగీత సభలో శ్రోతల స్పందన: కృష్ణా డెల్టా సంప్రదాయం

శాస్త్రీయ సంగీత కచేరీ సాగుతున్నంతసేపూ శ్రోతలు మాటతో, చేతితో, ముఖంతో, మౌనంతో తెలియజేసే మెప్పునూ అసంతృప్తినీ కలిపి శ్రోతల స్పందన అంటారు. తల పంకించడం, తొడమీద తాళం వేయడం, ‘ఆహా’, ‘భళా’, ‘శభాష్’ అనడం, చప్పట్లు కొట్టడం, ఇష్టమైన కీర్తన కోరుతూ చీటీ పంపడం, కళ్లు చెమర్చడం, ఊపిరి బిగబట్టి వినడం, మధ్యలో లేచి వెళ్లిపోవడం అన్నీ దీని కిందికే వస్తాయి. కర్ణాటక సంగీతంలో ఆలాపన, నెరవు, కల్పనాస్వరాలు వేదిక మీద అప్పటికప్పుడు పుడతాయి. అందువల్ల ఈ స్పందన కచేరీ ముగిశాక చెప్పే తీర్పుతో ఆగదు. పాటకుడు రాగాన్ని ఎంతసేపు విస్తరించాలో, ఏ సంగతిని మళ్లీ అందుకోవాలో, తరువాత ఏ కీర్తన ఎత్తుకోవాలో కూడా అది కొంతవరకు నిర్ణయిస్తుంది. వినేవాడు కచేరీలో భాగస్వామి.

విజయవాడ, మంగళగిరి, తెనాలి, గుడివాడ, మచిలీపట్నం పట్టణాలున్న కృష్ణా డెల్టా ఈ భాగస్వామ్యాన్ని పరిశీలించడానికి తగిన ప్రాంతం. పదకర్త క్షేత్రయ్య పేరుతో ముడిపడిన మొవ్వ, భాగవతుల కూచిపూడి, త్యాగరాజ శిష్యపరంపరను ఆంధ్రదేశంలో నిలిపిన పెదకళ్లేపల్లి ఇక్కడివే. శ్రీకృష్ణలీలా తరంగిణి కర్త నారాయణతీర్థుల జన్మస్థలంగా సంప్రదాయం చెప్పే కాజ గ్రామం మంగళగిరికి ఆనుకుని, గుంటూరు దారిలో ఉంది. గుడి, హరికథ, పద్యనాటకం, గురుకులం, రేడియో ఒకదాని తరువాత ఒకటిగా ఇక్కడి శ్రోతను తయారుచేశాయి. ఒక్కోటి ఒక్కో రకమైన స్పందనను నేర్పింది.

ప్రాచీన శాస్త్రాల్లో

ప్రేక్షకుల స్పందనను వర్గీకరించిన తొలి భారతీయ గ్రంథం భరతుని నాట్యశాస్త్రం. అందులో 27వ అధ్యాయం ప్రయోగసిద్ధిని గురించినది. ప్రదర్శన సఫలమైందని ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు భరతుడు సభ వైపు చూసి సమాధానం చెప్పాడు. సిద్ధి రెండు విధాలు: మానుషి, దైవికి. మానుషి సిద్ధి మాటలోనూ శరీరంలోనూ కనిపిస్తుంది. చిరునవ్వు, సగం నవ్వు, పెద్ద నవ్వు, ‘సాధు’ అనీ ‘అహో’ అనీ మెచ్చుకోవడం, కరుణఘట్టంలో ‘కష్టం’ అని నిట్టూర్చడం, సభ అంతటా ఒక్కసారిగా లేచే హోరు వాచిక లక్షణాలు. ఒళ్లు పులకరించడం, రోమాంచం, ఆసనం నుంచి లేవడం, ఒంటిమీది వస్త్రాన్నీ వేలి ఉంగరాన్నీ తీసి కళాకారుని వైపు విసరడం శారీరక లక్షణాలు.

దైవికి సిద్ధి వీటన్నిటికీ పైమెట్టు. చప్పుడు లేదు, కలకలం లేదు, ఏ ఆటంకమూ లేదు, రంగస్థలం జనంతో నిండి ఉంది: అది దైవికి సిద్ధి. కిక్కిరిసిన సభ నిశ్శబ్దంగా ఉండడమే అన్నిటికంటె పెద్ద మెప్పు అని ఈ వర్గీకరణ సారాంశం. మంచి ప్రేక్షకుని లక్షణాలను కూడా భరతుడు చెప్పాడు. పాత్ర సంతోషిస్తే తాను సంతోషించేవాడు, దుఃఖిస్తే దుఃఖించేవాడు ప్రేక్షకుడు. అందరూ ఒకే అంశానికి స్పందించరనీ, వయసునుబట్టి, స్వభావాన్నిబట్టి, చదువునుబట్టి అభిరుచులు వేరుగా ఉంటాయనీ ఆ అధ్యాయమే గుర్తించింది. తరువాతి కాలంలో అభినవగుప్తుడు సహృదయుని తన్మయీభావాన్ని వివరిస్తూ ఈ ఆలోచనను విస్తరించాడు. నందికేశ్వరుని అభినయదర్పణం సభను కల్పవృక్షంతో పోల్చి, పండితులను దాని పూలమీద వాలే తుమ్మెదలుగా చూపింది. కచేరీకి వచ్చినవారిని తెలుగులో సామాజికులనీ రసికులనీ పిలవడం ఈ సంప్రదాయపు కొనసాగింపే.

డెల్టా శ్రోత రూపొందిన తీరు

ఆలయం: మంగళగిరి దిగువ సన్నిధిలోని లక్ష్మీనరసింహస్వామి ఆలయానికి రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1807–09 మధ్య కట్టించిన గాలిగోపురం 11 అంతస్తులతో 153 అడుగుల ఎత్తున ఉంది. ఇలాంటి ఆలయాల్లో, ముఖ్యంగా ఫాల్గుణ మాసంలో జరిగే బ్రహ్మోత్సవాల వంటి సందర్భాల్లో, మేళం స్వామికి చేసే సేవ. నాదస్వర విద్వాంసుడు స్వామి ముందు వాయిస్తాడు. భక్తులు పక్కన నిలబడి వింటారు. ఇక్కడ మెప్పు చప్పట్ల రూపంలో రాదు. చేతులు జోడించడం, కళ్లు మూసుకోవడం, ఊరేగింపు ముందుకు కదులుతున్నా రాగం ముగిసేదాకా అక్కడే నిలబడిపోవడం గుడిలో స్పందన రూపాలు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నాదస్వర వంశాల్లో ముస్లిం విద్వాంసులు ఎందరో ఉన్నారు. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా (1924–1999) వారిలో ప్రసిద్ధుడు. దేవుని ఎదుట ఆయన వాదనాన్ని విన్న శ్రోతలు రాగానికి మతం అడ్డుగా చూడలేదు.

భజన, తరంగం: నారాయణతీర్థుల తరంగాలు భజన గోష్ఠుల్లోకీ కూచిపూడి నృత్యంలోకీ సమానంగా వెళ్లాయి. భజనలో వినేవారికీ పాడేవారికీ మధ్య గీత ఉండదు. ఒకరు ఎత్తుకుంటే మిగతావారు అందుకుంటారు, చప్పట్లే తాళం. కూచిపూడిలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచుమీద నిలిచి తరంగానికి అడుగులు వేసేటప్పుడు సభ దృష్టి మొత్తం లయ మీదికి వస్తుంది. జతి తప్పకుండా ముగియగానే చప్పట్లు మోగుతాయి. లయను కంటితోనూ చెవితోనూ ఒకేసారి పట్టుకునే అలవాటు ఇక్కడి ప్రేక్షకులకు ఇలా వచ్చింది.

హరికథ: విజయనగరానికి చెందిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) తీర్చిదిద్దిన హరికథ డెల్టా ఊళ్లలో రాత్రులకు రాత్రులు సాగేది. ఒకే కళాకారుడు కథ చెబుతూ, కీర్తన పాడుతూ, గజ్జె కట్టి ఆడుతూ సభతో నేరుగా మాట్లాడే ప్రక్రియ ఇది. దాసుగారు నామం ఎత్తగానే జనం గొంతు కలిపేవారు. రాగాల పేర్లు తెలియనివారికి కూడా ఏ రసానికి ఏ రాగం నప్పుతుందో హరికథ నేర్పింది.

పద్యనాటకం: డెల్టా శ్రోతకు దీనివల్ల వచ్చిన స్వభావం మరెక్కడా అంత గాఢంగా కనిపించదు. మైలవరం బాలభారతీ నాటక సమాజం వంటి సంస్థలు, తెనాలి, గుంటూరు, బెజవాడ వేదికలు పద్యాన్ని రాగాలాపనతో పాడే నటులను పెంచాయి. కపిలవాయి రామనాథశాస్త్రి, ‘ఈలపాట’ రఘురామయ్య గొంతులకు జనం బళ్లు కట్టుకుని వచ్చేవారు. పద్యం ముగియగానే ‘వన్స్ మోర్’ అని కేకలు, ఈలలు లేచేవి. నటుడు అదే పద్యాన్ని మళ్లీ పాడేవాడు. చనిపోయిన పాత్ర లేచి పద్యం పాడి తిరిగి పడుకున్న సంగతులు రంగస్థల జ్ఞాపకాల్లో తరచు వినిపిస్తాయి. స్థానం నరసింహారావు శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా పాడిన పాటకు పదేపదే పిలుపు వచ్చేది. ప్రతిసారీ ఆయన కొత్త భావంతో అభినయించేవారు. ఒకే పంక్తిని పలు విధాలుగా విస్తరించడం కచేరీలో నెరవు చేసే పని. శ్రోతలు అడిగి మరీ దాన్ని నాటకశాలలో రాబట్టుకున్నారు. నాటకం నడకను రాగం చెడగొడుతోందని విమర్శకులు ఆక్షేపించినా, మోహన, కల్యాణి, హిందోళం, కానడ వంటి రాగాల రుచి రైతులకూ చేతివృత్తులవారికీ అందింది ప్రధానంగా ఈ దారిలోనే.

గురుకులం: త్యాగరాజు శిష్యుడు మానంబుచావడి వేంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి, ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. దివి ప్రాంతపు శ్రీకాకుళంలో పుట్టిన పారుపల్లి (మరణం 1951) విజయవాడలో ఎందరికో సంగీతం చెప్పారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, వయొలిన్ విద్వాంసుడు అన్నవరపు రామస్వామి ఆయన శిష్యులు. గురుకులం విద్వాంసులతోపాటు, సంగీతం కొంతకాలం నేర్చుకుని వేదిక ఎక్కని మంచి శ్రోతలను కూడా తయారుచేసింది. సభలో ముందు వరుసల్లో కూర్చుని తాళం వేసేది, తొలి ‘భళా’ అనేది సాధారణంగా వీరే.

వేదికలు, సభలు

తెలుగునాట సంగీత సభల చరిత్రలో కాకినాడ సరస్వతీ గానసభ పాత సంస్థల్లో ఒకటి. విజయవాడలో గాంధీనగర్‌లోని శివరామకృష్ణ క్షేత్రం త్యాగరాజ ఆరాధనోత్సవాలకు పేరుపొందింది. తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం పెద్ద కార్యక్రమాలకు వేదిక. ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత కళాశాల విద్యార్థులూ అధ్యాపకులూ ఈ సభలకు నిలకడైన శ్రోతలు.

వేదికనుబట్టి స్పందన మారుతుంది. ఆలయ మండపంలో, పందిరి కింద శ్రోతలు చాపలమీద కూర్చుంటారు. కళాకారునికీ వారికీ మధ్య దూరం తక్కువ; ముఖకవళికలు పరస్పరం కనిపిస్తాయి. పెద్ద హాలులో వేదిక మీదే వెలుగు పడి, సభ చీకట్లో ఉంటుంది. అప్పుడు తల ఊపడం కళాకారునికి కనిపించదు కనుక చప్పట్ల ప్రాధాన్యం పెరుగుతుంది. మైకు రాకముందు గొంతు చివరి వరుసకు చేరాలంటే సభ నిశ్శబ్దంగా ఉండక తప్పేది కాదు. మైకు వచ్చాక సన్నని గమకం కూడా దూరానికి వినిపించింది. దాంతోపాటు గుసగుసలకూ వీలు చిక్కింది. ఆరాధనోత్సవాల్లోనూ దేవస్థానాల్లోనూ ప్రవేశం ఉచితం. అక్కడ ఎవరైనా వచ్చి కాసేపు విని వెళ్లవచ్చు. ఈ వెసులుబాటు సభను కదిలిస్తూ ఉంచుతుంది, అలాగే మొదటిసారి వినేవారికి తలుపు తెరిచి ఉంచుతుంది.

స్పందన రూపాలు

తాళం వేయడం: కర్ణాటక సంగీత సభకు ఇది ప్రత్యేక లక్షణం. దెబ్బ, వేళ్ల లెక్క, విసురు అనే క్రియలతో శ్రోతలు ఆవర్తాన్ని లెక్కిస్తారు. ఆదితాళంలో ఎనిమిది అక్షరాలూ వరుసలన్నిటా ఒకే వేళకు పడుతుంటే మృదంగ విద్వాంసునికి సభ తనతో నడుస్తోందని తెలుస్తుంది. తాళం వేయగలిగినవారికి కల్పనాస్వరాల ముగింపు ఎత్తుగడ మీద సరిగ్గా వచ్చి వాలడంలోని ఉత్కంఠ పూర్తిగా అందుతుంది.

మాటతో మెప్పు: ‘ఆహా’, ‘భళా’, ‘శభాష్’, ‘బాగుంది’ అనే మాటలు అరుదైన సంగతి పడినప్పుడు, ఆలాపనలో ఊహించని స్వరం దగ్గర గొంతు నిలిచినప్పుడు వస్తాయి. వీటికి సరైన వేళ ముఖ్యం. సంగతి పూర్తికాకముందే వచ్చిన మెప్పు దాన్ని విరిచేస్తుంది. వేదిక మీదివారు కూడా ఒకరినొకరు ఇలాగే మెచ్చుకుంటారు. వయొలిన్ విద్వాంసుడు రాగాన్ని అందంగా తిరిగి పలికినప్పుడు గాయకుడు ‘శభాష్’ అంటే సభకు అది పాఠం. ఎక్కడ వినాలో తెలుస్తుంది.

చప్పట్లు: ప్రతి కీర్తన చివరా, ఆలాపన ముగిశాక, పక్కవాద్యం వంతు పూర్తయ్యాక, తని ఆవర్తనం (లయవాద్యాలు విడిగా వాయించే భాగం) తీర్మానం తరువాత చప్పట్లు మోగడం ఇప్పటి ఆనవాయితీ.

కానుకలు, సత్కారాలు: శాలువా, పూలదండ, నూటపదహార్లు, కంకణం, గండపెండేరం, బిరుదు సభ తరఫున వచ్చే స్పందనలు. భరతుడు చెప్పిన వస్త్రదానం, ఉంగరాలు విసరడం వీటికి పూర్వరూపాలు. సన్మానం కచేరీ మధ్యలో సుదీర్ఘ ఉపన్యాసాలతో జరిగితే రాగం వాతావరణం చెదురుతుంది. కచేరీకి ముందో తరువాతో దాన్ని పెట్టుకోవడం మర్యాద.

చీటీలు: కచేరీ చివరి భాగంలో తరంగం, జావళి, పదం, తిల్లానా, అన్నమయ్య కీర్తన పాడమని చీటీలు వస్తాయి. వీణ చిట్టిబాబు (1936–1996) రూపొందించిన ‘కొమ్మలో కోయిల’ శ్రోతలు కోరి విన్న అంశాలకు మంచి ఉదాహరణ.

అసంతృప్తి: కేకలు వేసి కచేరీని ఆపడం ఇక్కడి సంగీత సభల్లో సాధారణం కాదు. పలచబడే చప్పట్లు, గుసగుసలు, దగ్గులు, గడియారం చూసుకోవడం, ఒక్కొక్కరుగా లేచి వెళ్లడం అసంతృప్తికి గుర్తులు. తని ఆవర్తనం మొదలవగానే కాఫీకి లేచే అలవాటు మాత్రం అసంతృప్తి వల్ల వచ్చింది కాదు. లయను వినడం నేర్చుకోకపోవడం వల్ల వచ్చింది. విజయవాడకు చెందిన దండమూడి రామమోహనరావు, దండమూడి సుమతీ రామమోహనరావు దంపతుల మృదంగ వాదనం వంటిది ఆ భాగంలో ఎంత సంగీతం ఉంటుందో చూపింది.

మౌనం: ఆలాపన చివరి షడ్జం ఆగాక, చప్పట్లకు ముందు, సభలో ఒకటి రెండు క్షణాలు ఏ శబ్దమూ ఉండదు. విద్వాంసులు అన్ని మెప్పులకంటె దీనికే ఎక్కువ విలువ ఇస్తారు.

కచేరీ క్రమం, శ్రోత ఏకాగ్రత

నేడు మనం చూసే కచేరీ క్రమాన్ని 20వ శతాబ్ది పూర్వార్ధంలో అరియక్కుడి రామానుజ అయ్యంగార్ (1890–1967) స్థిరపరచాడు. వర్ణంతో మొదలై, చిన్న కీర్తనలు, వివరమైన ఆలాపనతో ప్రధాన కీర్తన, తని ఆవర్తనం, వీలున్నచోట రాగం తానం పల్లవి, చివర లలితమైన అంశాలు, మంగళం ఇందులో వరుస. శ్రోతల ఓపికనూ ఉత్సాహాన్నీ లెక్కలోకి తీసుకున్న క్రమం ఇది. వర్ణం వేగం ఆలస్యంగా వచ్చినవారు సర్దుకునేలోపు సభను మేల్కొలుపుతుంది. ఏకాగ్రత బాగా కుదిరిన వేళకు ప్రధాన రాగం వస్తుంది. బుద్ధికి పనిచెప్పిన పల్లవి తరువాత జావళులు, తరంగాలు మనసును తేలికపరుస్తాయి. అనుభవం ఉన్న గాయకుడు మొదటి రెండు కీర్తనల్లోనే సభ స్థాయిని అంచనా వేసి మిగతా పట్టికను మార్చుకుంటాడు.

త్యాగరాజ ఆరాధనలో ఈ క్రమం తలకిందులవుతుంది. పుష్య బహుళ పంచమినాడు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లోని ఘనరాగ పంచరత్నాలను విద్వాంసులందరూ కలిసి పాడతారు. ఎదుట కూర్చున్నవారు పుస్తకాలు తెరిచి గొంతు కలుపుతారు. ఆ గంటసేపూ వేదికకూ సభకూ తేడా ఉండదు.

సాహిత్యం అర్థమైన శ్రోత

కర్ణాటక సంగీతంలో అధిక భాగం తెలుగులో ఉంది. తమిళ, కన్నడ, మలయాళ ప్రాంతాల శ్రోతల్లో చాలామంది త్యాగరాజ కీర్తనను ముఖ్యంగా రాగం ద్వారా అందుకుంటారు. తెలుగు శ్రోతకు మాట కూడా అదే క్షణంలో అందుతుంది. అందువల్ల ఇక్కడి స్పందనలో ఒక అదనపు పొర ఉంటుంది. నెరవులో గాయకుడు రాముని నిష్ఠురమాడే పంక్తిని ఎంచుకుని నాలుగు విధాలుగా అడిగితే, ఆ నిష్ఠురం సభలోని పెద్దవారి కళ్లలో నీళ్లుగా కనిపిస్తుంది. క్షేత్రయ్య పదంలో నాయిక మాటలోని వెటకారానికి సన్నని నవ్వు వస్తుంది.

అదే కారణంగా మాట విరిచినప్పుడు తెలుగు శ్రోత వెంటనే నొచ్చుకుంటాడు. తాళం కోసం పదాన్ని తప్పుచోట తుంచడం, అర్థం మారేలా రెండు మాటలను కలపడం, ఒత్తులు జారవిడవడం ఇక్కడి సభల్లో కనుబొమలు ముడిపడేలా చేస్తాయి. భావం తెలిసి పాడారన్న మాట ఇక్కడ విద్వాంసునికి దక్కే గొప్ప ప్రశంస. అర్థమయ్యే భాషలో వినాలన్న శ్రోతల కోరిక ఎంత బలమైనదో తమిళనాట కూడా రుజువైంది. 1943లో ఏర్పడిన తమిళ ఇసై సంగం నడిపిన ఉద్యమం కచేరీల్లో తమిళ పాటలకు చోటు పెంచింది. శ్రోతల స్పందన కచేరీ పట్టికనే మార్చిన సందర్భం అది.

శ్రోతలు మలుపు తిప్పిన ఘట్టాలు

బాలమురళీకృష్ణ (1930–2016) పసివయసులోనే విజయవాడలో జరిగిన ఆరాధనోత్సవంలో పాడినప్పుడు ఆ సభలో హరికథా విద్వాంసుడు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ఉన్నారు. అప్పటిదాకా మురళీకృష్ణగా ఉన్న కుర్రవాని పేరుకు ముందు ‘బాల’ చేర్చింది ఆయనే. ఒక రసికుని మెప్పు కళాకారుని పేరులో కలిసిపోయి జీవితాంతం నిలిచింది. బాలమురళి తరువాత 72 మేళకర్తల్లోనూ కృతులు రచించారు. కొత్త రాగాలతో, గొంతులోని విస్తృతితో పండితులనూ పామరులనూ ఒకే సభలో కూర్చోబెట్టారు. ఆయన ప్రయోగాల మీద సంప్రదాయవాదుల అభ్యంతరాలు, అభిమానుల హర్షధ్వానాలు పక్కపక్కనే సాగాయి.

పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేశాడు. మాండలిన్ పాశ్చాత్య వాద్యం. గమకం దానిమీద పలకదన్న సందేహం ఉండేది. తొమ్మిదేళ్ల పిల్లవాడి వాదనం ఆ సందేహాన్ని చెవులతోనే తీర్చింది. మరి కొన్నేళ్లకు మద్రాసు సభలూ ఆ తీర్పును ఒప్పుకున్నాయి. కొత్త వాద్యానికి శాస్త్రీయ వేదిక మీద చోటు ఇవ్వాలా వద్దా అన్నది చివరకు శ్రోతలే తేల్చారు.

ద్వారం వేంకటస్వామినాయుడు (1893–1964) విషయం కూడా ఇలాంటిదే. పక్కవాద్యంగా మాత్రమే వినడానికి అలవాటుపడిన సభకు ఆయన వయొలిన్‌ను ప్రధాన వాద్యంగా వినిపించారు. భారతదేశం వచ్చిన యెహుదీ మెనూహిన్ ఆయన వాదనం విని ఎంతగానో మెచ్చుకున్నాడు.

ఆకాశవాణి, సినిమా

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలమురళీకృష్ణ, ఓలేటి వేంకటేశ్వర్లు, అన్నవరపు రామస్వామి, దండమూడి రామమోహనరావు వంటివారు అక్కడ పనిచేయడంతో డెల్టా ఇళ్లలోకి ప్రతిరోజూ శాస్త్రీయ సంగీతం వచ్చింది. ఉదయపు ‘భక్తిరంజని’ తరంగాలనూ, రామదాసు, అన్నమయ్య కీర్తనలనూ పొలానికి వెళ్లే రైతు నోట కూడా పలికించింది. రేడియో ముందు కూర్చున్న శ్రోతకు చప్పట్లు కొట్టే పని లేదు. పాట చెవిన పడి జ్ఞాపకంలో నిలిచేది. ఆ జ్ఞాపకంతో సభకు వచ్చినప్పుడు కీర్తన పల్లవి ఎత్తుకోగానే గుర్తుపట్టిన ఆనందం ముఖాల్లో కనిపించేది. 1954లో మొదలైన ఆకాశవాణి సంగీత సమ్మేళనాలు ఆహూతులైన శ్రోతల ఎదుట జరిగేవి. అవి సభకు సమయపాలననూ నిశ్శబ్దాన్నీ అలవాటు చేశాయి.

కృష్ణా డెల్టాలోని పెదపులివర్రుకు చెందిన కె. విశ్వనాథ్ తీసిన ‘శంకరాభరణం’ (1980) శాస్త్రీయ సంగీతానికి కొత్త శ్రోతలను తెచ్చింది. పిల్లలను సంగీతం నేర్చుకోవడానికి పంపిన తల్లిదండ్రులు చాలామందికి ఆ సినిమాయే ప్రేరణ. విద్వాంసుని ఎదుట సభ ఎలా కూర్చోవాలో, ఎలా లేచి నిలబడి గౌరవించాలో తెరమీద చూసినవారు సభకు అదే వినయంతో వచ్చారు.

ఇతర సంప్రదాయాలతో పోలిక

హిందుస్తానీ సభలో ‘వాహ్’, ‘క్యా బాత్ హై’ అనే మెప్పులు పాట నడుస్తుండగానే వస్తాయి; తబలా సమం మీద పడిన ప్రతిసారీ సభ ఒక్కసారిగా ఊపిరి వదులుతుంది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో నేటి మర్యాద సంపూర్ణ నిశ్శబ్దం; సింఫనీ భాగాల మధ్య కూడా చప్పట్లు కొట్టరు. ఇది అక్కడ కూడా పాత అలవాటేమీ కాదు. 1778లో పారిస్‌లో తన సింఫనీ నడుస్తుండగా నచ్చినచోట సభ చప్పట్లు కొట్టిందని మొజార్ట్ తండ్రికి సంతోషంగా ఉత్తరం రాశాడు. 1813లో బీతొవెన్ ఏడవ సింఫనీ రెండో భాగాన్ని శ్రోతలు మళ్లీ వాయింపించుకున్నారు. 19వ శతాబ్ది చివరికి నిశ్శబ్దం నియమంగా మారింది. 1913 మే 29న పారిస్‌లో స్ట్రావిన్‌స్కీ ‘వసంతార్చన’ నృత్యనాటకం తొలి ప్రదర్శనలో కేకలు, ఈలలు సంగీతం వినిపించనంతగా చెలరేగాయి.

ఒక సంప్రదాయపు శ్రోత మరో సంప్రదాయంలోకి వచ్చినప్పుడు తెలియక చేసే స్పందనలూ ఉంటాయి. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ సహాయ కచేరీలో రవిశంకర్ బృందం శ్రుతి సరిచేసుకోగానే సభ పెద్దగా చప్పట్లు కొట్టింది. రవిశంకర్ నవ్వుతూ కృతజ్ఞత చెప్పి, అసలు వాదనం ఇంకా బాగా నచ్చుతుందని ఆశించాడు. అమెరికాలో క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఉత్సవం 1978లో మొదలైంది. తెలుగు, తమిళ కుటుంబాల పిల్లలు అక్కడ పంచరత్నాలు పాడుతూ, తాళం వేస్తూ పెరుగుతున్నారు. 2009 మేలో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో సిలికానాంధ్ర నిర్వహించిన అన్నమయ్య లక్షగళ సంకీర్తనార్చనలో లక్షకు పైగా జనం ఒకేసారి పాడారు. భజన గోష్ఠిలోని కలిసి పాడే పద్ధతికి అది భారీ రూపం.

విజ్ఞానశాస్త్ర పరిశోధనలు

పులకింతకు కారణాన్ని నాడీశాస్త్రం ఇటీవల వెదికింది. 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఇష్టమైన సంగీతం వింటూ పులకించేవారి మెదడులో డోపమిన్ విడుదలవుతుందని చూపారు. పులకింతకు ముందరి ఎదురుచూపులో మెదడులోని ఒక భాగం, పులకించే క్షణంలో మరో భాగం చురుగ్గా ఉన్నాయి. ఎదురుచూపే ఆనందంలో సగమన్నమాట. రాగలక్షణం తెలిసిన శ్రోత తరువాతి స్వరాన్ని ఊహిస్తాడు. గాయకుడు దాన్ని ఆలస్యం చేసి, చుట్టూ తిరిగి, చివరకు అందిస్తాడు. ఆలాపన నిర్మాణమే ఈ ఎదురుచూపు మీద ఆధారపడింది. రాగం తెలిసినకొద్దీ ఆనందం పెరుగుతుందని విద్వాంసులు చెప్పే మాటకు ఇది బలం చేకూరుస్తుంది.

చప్పట్ల మీద 2000లో వెలువడిన పరిశోధనలో, నాటక, సంగీత ప్రేక్షకుల చప్పట్లు మొదట ఎవరికి వారివిగా ఉండి, తరువాత ఒకే లయలోకి వస్తాయని తేలింది. ఆ లయ కుదరడానికి ప్రతివారూ తమ వేగాన్ని దాదాపు సగానికి తగ్గించుకుంటారు. 2023లో ప్రచురితమైన బెర్లిన్ అధ్యయనంలో ప్రత్యక్ష కచేరీ వింటున్న 132 మంది హృదయస్పందన, శ్వాస, చర్మ స్పందనలను కొలిచారు. ఒకే సంగీతం వింటున్నవారి శరీరాలు కొంతమేర ఒకే నడకలోకి వచ్చాయి. సభ అంతా తాళం వేస్తూ వినే కర్ణాటక కచేరీల మీద ఇటువంటి కొలతలు జరగవలసి ఉంది. ఆదితాళం చేతుల్లో, ఊపిరిలో ఏకకాలంలో ఎలా నడుస్తుందో తెలిస్తే మన శాస్త్రకారులు తన్మయీభావం అన్నదానికి మరో కోణం దొరుకుతుంది.

నేటి స్థితి

2020లో కోవిడ్ కాలంలో సభలు మూతపడి, మద్రాసు మ్యూజిక్ అకాడమీ సహా అనేక సంస్థలు కచేరీలను అంతర్జాలంలో ప్రసారం చేశాయి. ఖాళీ కుర్చీల ఎదుట పాడిన విద్వాంసులకు తల ఊపే శ్రోత విలువ స్పష్టంగా తెలిసింది. ప్రసారాల వల్ల దూరదేశాల తెలుగువారికి కచేరీలు అందాయి. ఆ మేలు నేటికీ కొనసాగుతోంది. కానీ చాలా సేపటి తరువాత, ఎక్కడినుంచో వచ్చే మెప్పు ఆ క్షణపు ఆలాపనను మలచలేదు.

సభలోని శ్రోతకు కొత్త ఆటంకాలు వచ్చాయి. సెల్‌ఫోన్ మోగడం కంటె, తెర అడ్డుపెట్టుకుని చిత్రీకరిస్తూ వినడం ఎక్కువ నష్టం చేస్తోంది. చేతిలో ఫోను ఉన్నవాడు తాళం వేయలేడు. శాస్త్రీయ సభల్లో యువ శ్రోతలు తగ్గారన్న ఆవేదన తరచు వినిపిస్తుంది. పిల్లలకు సంగీతం నేర్పించే కుటుంబాలు డెల్టాలో ఎన్నో ఉన్నాయి. అయితే వేదిక ఎక్కడమే లక్ష్యంగా నేర్చుకున్న పిల్లలు ఇతరుల కచేరీకి కూర్చోవడం తక్కువ. హరికథ, పద్యనాటకం, భక్తిరంజని ఒకప్పుడు ఏ రుసుమూ లేకుండా అందించిన వినికిడి శిక్షణకు నేడు సరైన ప్రత్యామ్నాయం లేదు.

దాన్ని మళ్లీ కల్పించడం కష్టమైన పని కాదు. పాఠశాలలో ఆదితాళం, రూపకతాళం వేయడం నేర్పవచ్చు. పాటకు ముందు రాగం పేరు, కీర్తన భావం రెండు మాటల్లో చెప్పే ఆనవాయితీని సభలు చేపట్టవచ్చు. ఆలయ ఉత్సవాల్లో స్థానిక నాదస్వర విద్వాంసులకు గంట సమయమైనా కేటాయించి, ఆ గంట లౌడ్‌స్పీకర్లలో మరేదీ మోగకుండా చూడవచ్చు. తని ఆవర్తనం ముగిసేదాకా తలుపులు మూసి ఉంచడం కూడా మంచి నియమమే. మంగళగిరి, విజయవాడ, గుడివాడ శ్రోతలు గతంలో ఒక పిల్లవాడికి పేరు పెట్టారు, ఒక పరాయి వాద్యాన్ని తమది చేసుకున్నారు, పద్యాన్ని రాగంగా పెంచారు. విద్వాంసుని తయారుచేయడానికి ఎంత శ్రద్ధ పెడతామో శ్రోతను తయారుచేయడానికీ అంత శ్రద్ధ పెట్టిన చోట కర్ణాటక సంగీతం బతికింది. ఇకముందు బతకడానికీ అదే ఆధారం.